ఒక్క చేతితో ధరించే రక్షణ: సీటు బెల్టు రూపశిల్పి నిల్స్ బోలిన్ జీవితం

1959 ఆగస్టు 13న దక్షిణ స్వీడన్‌లోని క్రిస్టియన్‌స్టాడ్ పట్టణంలో ఒక కార్ల విక్రేతకు వోల్వో పీవీ 544 నమూనా కారు అందింది. చూడటానికి అది ఆ కాలపు కార్లకు భిన్నమైనదేమీ కాదు. అయితే దాని ముందు సీట్ల పక్కన ఒక కొత్త పట్టీ అమర్చి ఉంది. అది భుజం మీదుగా ఛాతీపై ఏటవాలుగా దిగి, తుంటి పక్కన మలుపు తిరిగి, ఒడి మీదుగా సీటు రెండో వైపునకు చేరుతుంది. కర్మాగారంలోనే మూడు బిందువుల సీటు బెల్టును అమర్చి కొనుగోలుదారుకు అందించిన మొదటి కారు అదే.

నేడు ప్రపంచంలో ఏ కారు ఎక్కినా ఆ పట్టీయే కనిపిస్తుంది. కార్ల ఆకారం, ఇంధనం, యంత్రాలు ఎన్నో విధాల మారినా, ఆ పట్టీ మూల రూపం మాత్రం ఆరు దశాబ్దాలకు పైగా మారలేదు. దానిని రూపొందించిన ఇంజనీరు నిల్స్ ఇవార్ బోలిన్. వాహన భద్రతా రంగంలో ఆయన పేరు తెలియనివారు లేరు. కానీ ఆయన పట్టీని ప్రతిరోజూ భుజంపైకి లాక్కునే కోట్లాది మందిలో ఆయన పేరు విన్నవారు తక్కువే.

విమానాల నుంచి మొదలైన ప్రయాణం

బోలిన్ 1920 జులై 17న స్వీడన్ తూర్పు తీరంలోని హెర్నోసాండ్ అనే రేవు పట్టణంలో జన్మించారు. అక్కడే విద్యాభ్యాసం చేసి 1939లో మెకానికల్ ఇంజనీరింగ్‌లో డిప్లొమా పొందారు. అదే ఏడాది రెండో ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. స్వీడన్ తటస్థ దేశంగా నిలిచినప్పటికీ, ఆత్మరక్షణకు అవసరమైన యుద్ధ విమానాలను సొంతంగా నిర్మించుకోవలసిన పరిస్థితి ఏర్పడింది. ఆ బాధ్యతను స్వీకరించిన సాబ్ సంస్థలో 1942లో బోలిన్ విమాన రూపకల్పన ఉద్యోగిగా చేరారు.

అప్పట్లో సాబ్ రూపొందించిన జే 21 అనే యుద్ధ విమానంలో ఒక విశేషం ఉండేది. దాని ప్రొపెల్లర్ విమానం ముక్కున కాక పైలట్ వెనుక భాగంలో ఉండేది. ప్రమాద సమయంలో పైలట్ విమానం నుంచి దూకితే వెనుక తిరుగుతున్న ప్రొపెల్లర్ రెక్కలకు తగిలి మరణించే ముప్పు ఉండేది. అందువల్ల పైలట్‌ను సీటుతో సహా పైకి విసిరివేసే ఎజెక్షన్ సీటును ఆ విమానానికి అమర్చవలసి వచ్చింది. ఆ రకమైన సీట్ల రంగంలో సాబ్ తొలి తరం సంస్థలలో ఒకటిగా నిలిచింది. బోలిన్ తన సాబ్ జీవితంలో ప్రధాన భాగాన్ని ఈ సీట్ల అభివృద్ధికే వెచ్చించారు.

ఎజెక్షన్ సీటు పేలుడు శక్తితో పనిచేస్తుంది. సెకనులో స్వల్ప భాగంలోనే పైలట్ శరీరంపై దాని బరువుకు ఎన్నో రెట్ల బలం పడుతుంది. ఆ బలాన్ని వెన్నెముక తట్టుకోగలదా, పట్టీలు శరీరంలోని ఏ భాగాన్ని పట్టి ఉంచాలి, పట్టీ కొద్దిగా వదులైతే ఏమవుతుంది అనే ప్రశ్నలకు ఇంజనీర్లు సమాధానాలు వెతకవలసి వచ్చింది. విమానం నేలను ఢీకొని హఠాత్తుగా ఆగినప్పుడు మనిషిని సీటులో ఎలా నిలిపి ఉంచాలన్నది కూడా బోలిన్ అధ్యయనంలో భాగమే. మానవ శరీరంలో గట్టి భాగాలేవో, మెత్తని భాగాలేవో, ఎక్కడ పట్టుకుంటే నిలుస్తుందో, ఎక్కడ పట్టుకుంటే చిట్లుతుందో ఆయనకు అనుభవపూర్వకంగా తెలిసింది. కార్ల పరిశ్రమలో అప్పటికి ఇటువంటి జ్ఞానం ఉన్నవారు అరుదు.

వోల్వో పిలుపు

1956లో గున్నార్ ఎంగెలావ్ వోల్వో సంస్థ అధిపతిగా బాధ్యతలు చేపట్టారు. అంతకు ముందు ఆయన విమాన ఇంజన్లు తయారుచేసే సంస్థకు నేతృత్వం వహించారు. ఆయన బంధువు ఒకరు కారు ప్రమాదంలో మరణించారు. ఆ విషాదం ఆయనను కారు భద్రత గురించి తీవ్రంగా ఆలోచింపజేసింది. పైలట్ల ప్రాణరక్షణలో ఆరితేరిన బోలిన్‌ను ఆయన 1958లో వోల్వోకు ఆహ్వానించి భద్రతా విభాగ ఇంజనీరుగా నియమించారు. ఆ సంస్థలో ఆ హోదాలో నియమితులైన మొదటి వ్యక్తి బోలిన్.

సీటు బెల్టు ఆలోచన అప్పటికే ఉంది. అమెరికాలో నాష్ సంస్థ 1949లోనే ఒడి మీదుగా కట్టుకునే బెల్టులను కొన్ని కార్లకు అమర్చింది. 1956 నమూనా కార్లలో ఫోర్డ్ సంస్థ వాటిని అదనపు సదుపాయంగా అందించింది. స్వీడన్‌లో ఛాతీ మీదుగా ఏటవాలుగా సాగే పట్టీలు వాడుకలోకి వచ్చాయి. ఇవన్నీ రెండు బిందువుల బెల్టులు. అంటే పట్టీ రెండు కొసలు మాత్రమే కారుకు బిగించి ఉంటాయి.

రెండింటిలోనూ లోపాలున్నాయి. ఒడి పట్టీ మాత్రమే ఉన్నప్పుడు తుంటి నిలుస్తుంది గాని, నడుముకు పైనున్న శరీరం ముందుకు మడతపడుతుంది. తల స్టీరింగుకో, ముందున్న పలకకో బలంగా తగులుతుంది. ఏటవాలు పట్టీ మాత్రమే ఉన్నప్పుడు ఛాతీ కొంత నిలుస్తుంది గాని, తుంటిని ఆపేది ఏదీ లేక శరీరం పట్టీ కింద నుంచి ముందుకు జారుతుంది. పైగా దాని బకిల్ పక్కటెముకల దగ్గర ఉండేది. తీవ్రమైన ప్రమాదంలో అదే శరీరంలోకి గుచ్చుకుని లోపలి అవయవాలను గాయపరిచేది. ప్రాణం కాపాడవలసిన వస్తువే గాయానికి కారణమయ్యేది.

ఒడిని, భుజాన్ని కలిపి పట్టుకునే బెల్టుకు అమెరికాలో రోజర్ గ్రిస్‌వోల్డ్, హ్యూ డిహేవెన్ 1955లో పేటెంటు పొందారు. అది కూడా మూడు బిందువుల బెల్టే. కానీ అందులో బకిల్ పొట్ట మధ్యన వచ్చేది. పొట్ట శరీరంలో మెత్తని భాగం. అక్కడ పడే ఒత్తిడి లోపలి అవయవాలకు ప్రమాదకరం.

మరో మార్గం కూడా బోలిన్ ముందు ఉంది. యుద్ధ విమానాలలో పైలట్లను రెండు భుజాల మీదుగా, నడుము చుట్టూ, తొడల నడుమ బిగించే పట్టీలు ఉండేవి. బలం దృష్ట్యా వాటికి సాటి లేదు. అయితే పైలట్‌కు, కారు నడిపే సాధారణ మనిషికి మధ్య ఉన్న వ్యత్యాసాన్ని బోలిన్ గుర్తించారు. ప్రతి ప్రయాణంలోనూ ప్రాణాపాయం ఉందని తెలిసిన పైలట్ ఎంతటి అసౌకర్యాన్నైనా భరిస్తాడు. కూరగాయలకో, కార్యాలయానికో కారులో బయలుదేరిన మనిషి ఒక్క నిమిషం అసౌకర్యాన్ని కూడా సహించడు. అతనికి ఇచ్చే బెల్టు ఎంత బలమైనదైనా, ధరించడం కష్టమైతే అది సీటు పక్కనే వేలాడుతూ ఉంటుంది.

ఒకే పట్టీ, మూడు బిందువులు

సుమారు ఏడాది కృషి అనంతరం బోలిన్ చేరుకున్న పరిష్కారం చాలా సరళమైనది. ఒకే పట్టీని మూడు చోట్ల ఆపారు. ఒక బిందువు భుజానికి పైన, వెనుకగా కారు స్తంభంపై ఉంటుంది. మిగిలిన రెండూ సీటుకు చెరొకవైపు, తుంటికి దిగువన ఉంటాయి. పట్టీలోని ఒక భాగం భుజం నుంచి ఛాతీ మీదుగా, మరొక భాగం ఒడి మీదుగా సాగుతాయి. రెండు భాగాలూ తుంటి పక్కన బకిల్ వద్ద కలుసుకుని, కొన నేల వైపు తిరిగిన కోణంగా ఏర్పడతాయి.

ఆ కోణం సీటు పక్కన, కిందుగా ఉండటమే ఈ రూపకల్పనకు ప్రాణం. బకిల్ పొట్టకు దూరమైంది. బలం పడినప్పుడు పట్టీ పైకి జరగకుండా తుంటి ఎముకలనే పట్టుకుని నిలుస్తుంది. మానవ శరీరంలో బలమైన ఎముకలు తుంటి వద్ద, రొమ్ము, భుజాల వద్ద ఉన్నాయి. ప్రమాద తీవ్రతను ఆ ఎముకలే మోసేటట్లు, మెత్తని పొట్ట, మెడ దానికి దూరంగా ఉండేటట్లు ఆయన పట్టీ దారిని నిర్ణయించారు. అన్నిటికీ మించి దానిని ఒక్క చేతితో లాగి, ఒక్క కదలికతో పెట్టుకోవచ్చు.

దాని ప్రయోజనం ఎంతటిదో చిన్న లెక్కతో తెలుస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు గోడను ఢీకొంటే సెకనులో పదో వంతు కాలంలోనే దాదాపుగా ఆగిపోతుంది. కారు ఆగినా, అందులోని మనిషి ఆగడు. ఏదో ఒకటి ఆపేవరకు అతని శరీరం అదే వేగంతో ముందుకు సాగుతుంది. ఆ వేగంతో గట్టి వస్తువును తాకడం సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ పైనుంచి నేలపై పడటంతో సమానం. బెల్టు మనిషిని కారుతో కలిపి ఉంచుతుంది. కారు ముందు భాగం నలుగుతూ ఆగే ఆ స్వల్ప వ్యవధిని, ఆ కొద్ది దూరాన్ని అతని శరీరానికి కూడా అందిస్తుంది. చేతులతో స్టీరింగును గాని, ముందు సీటును గాని పట్టుకుని ఈ బలాన్ని ఆపడం ఎంతటి బలశాలికీ సాధ్యం కాదు.

పేటెంటు తలుపులు తెరిచిన సంస్థ

బోలిన్ రూపకల్పనకు 1962 జులై 10న అమెరికాలో 3,043,625 సంఖ్యతో పేటెంటు లభించింది. ఆ హక్కును గట్టిగా పట్టుకుని ఉంటే వోల్వోకు రెండు విధాల లాభం కలిగేది. ఇతర సంస్థలు బెల్టు అమర్చిన ప్రతిసారీ రుసుము వసూలు చేయవచ్చు. లేదా సురక్షితమైన బెల్టు తమ కార్లలోనే ఉందని చెప్పి విక్రయాలు పెంచుకోవచ్చు. వోల్వో ఆ రెండు దారులనూ విడిచిపెట్టింది. ఏ కార్ల సంస్థ అయినా ఎలాంటి రుసుమూ చెల్లించకుండా ఆ రూపకల్పనను వాడుకునేందుకు పేటెంటును అందరికీ తెరిచి ఉంచింది.

వాణిజ్య ప్రపంచంలో ఇటువంటి నిర్ణయాలు తరచుగా కనిపించవు. స్వీడన్‌లోని ఒక చిన్న ఇంజనీర్ల బృందం గీసిన రేఖాచిత్రం ప్రపంచమంతటా ఒకే రూపంలో స్థిరపడటానికి ఆ నిర్ణయమే మూలం.

28 వేల ప్రమాదాల సాక్ష్యం

రుసుము లేకున్నా ప్రపంచం వెంటనే ఆ బెల్టును ఆదరించలేదు. ఉత్తర ఐరోపాలోని నార్డిక్ దేశాలలో విక్రయించిన పీవీ 544, అమెజాన్ నమూనాల ముందు సీట్లకు వోల్వో దానిని 1959 నుంచే అమర్చింది. అయినా చాలా మంది దానిని సందేహంగా చూశారు. కారుకు నిప్పు అంటుకుంటే బెల్టులో చిక్కుకుపోతామని కొందరు భయపడ్డారు. కారు నీటిలో పడితే బయటపడలేమని మరికొందరు తలచారు. ప్రమాదంలో కారు నుంచి బయటికి విసిరివేయబడటమే మేలన్న అపోహ కూడా ప్రబలంగా ఉండేది. వాస్తవానికి నిప్పు, నీరు కారణమయ్యే ప్రమాదాలు అరుదు. అటువంటి సందర్భంలోనూ స్పృహలో ఉన్నవాడే బకిల్ విప్పుకుని బయటపడగలడు. స్పృహ నిలిపేది బెల్టే. బయటికి విసిరివేయబడిన వారిలో మరణాలు చాలా ఎక్కువ.

వాదనలతో ఈ అపోహలు తొలగవని బోలిన్ గ్రహించారు. స్వీడన్‌లో ఒక ఏడాది కాలంలో వోల్వో కార్లకు జరిగిన 28 వేలకు పైగా ప్రమాదాల వివరాలను సేకరించి విశ్లేషించారు. ఆ నివేదికను 1967లో అమెరికాలో జరిగిన స్టాప్ కార్ క్రాష్ సదస్సులో సమర్పించారు. బెల్టు ధరించని వారు తక్కువ వేగాలతో సహా అన్ని వేగాల వద్దా మరణించినట్లు అందులో తేలింది. మూడు బిందువుల బెల్టు ధరించిన వారిలో గంటకు సుమారు 96 కిలోమీటర్ల లోపు వేగంతో జరిగిన ప్రమాదాలలో ఒక్కరూ మరణించలేదు. వేగాన్ని, గాయపు స్వభావాన్ని బట్టి బెల్టు గాయాలను 40 నుంచి 90 శాతం వరకు తగ్గించినట్లు కూడా వెల్లడైంది.

ఆ నివేదికతో చర్చ స్వభావమే మారింది. ప్రయోగశాలలోని బొమ్మలకు బదులు నిజమైన రోడ్లపై నిజమైన మనుషులకు జరిగిన ప్రమాదాలే సాక్ష్యమయ్యాయి. అమెరికాలో 1968 జనవరి 1 నుంచి కొత్త కార్ల ముందు సీట్లకు ఒడి, భుజం బెల్టులను అమర్చడం తప్పనిసరి అయింది.

అమర్చడం వేరు, ధరించడం వేరు

బెల్టు ప్రతి కారులోకి చేరడంతో ఇంజనీరు పని సగమే పూర్తయింది. మిగిలిన సగం సీటులో కూర్చున్న మనిషి చేతిలో ఉంది. ఆ సగం కోసం ప్రభుత్వాలు దశాబ్దాల పాటు ప్రయత్నించవలసి వచ్చింది. బెల్టు ధరించడాన్ని చట్టబద్ధంగా తప్పనిసరి చేసిన తొలి ప్రాంతం ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం. అక్కడ 1970లో ఆ చట్టం అమలులోకి వచ్చింది. బెల్టు పుట్టిన స్వీడన్‌లో ముందు సీట్లవారికి 1975లో, వెనుక కూర్చునే పెద్దలకు 1986లో తప్పనిసరి చేశారు. బ్రిటన్‌లో ముందు సీట్లవారికి 1983లో నిబంధన వచ్చింది.

అమెరికా అనుభవం మరో పాఠం నేర్పింది. బెల్టు పెట్టుకుంటే తప్ప ఇంజను కదలని ఏర్పాటును 1974 నమూనా కార్లకు తప్పనిసరి చేశారు. ప్రజలలో తీవ్ర ఆగ్రహం వ్యక్తమైంది. సీటుపై పెట్టిన సంచి బరువును కూడా మనిషిగా భావించి కారు మొరాయించిన సందర్భాలున్నాయి. అదే ఏడాది అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ ఆ నిబంధనను రద్దు చేసింది. మనిషి సౌకర్యాన్ని విస్మరించిన భద్రత నిలవదని బోలిన్ 1958లో గ్రహించిన సత్యం ఆ విధంగా మరోసారి రుజువైంది.

ఆ కాలంలోనే బెల్టు మరింత సులభమైంది. తొలినాటి బెల్టుల పొడవును ప్రతి ఒక్కరూ చేతితో సరిచేసుకోవలసి వచ్చేది. 1960ల చివరి నుంచి తనంతట తాను చుట్టుకునే చక్రం గల బెల్టులు వ్యాపించాయి. మామూలు సమయంలో అవి శరీరంతో పాటు సాగుతాయి. కారు ఒక్కసారిగా వేగం కోల్పోతే వెంటనే బిగుసుకుంటాయి.

చిన్నారులకు వేరే సీటు

బోలిన్ బెల్టు ఎదిగిన మనిషి ఎముకలను ఆధారంగా చేసుకున్నది. శిశువు శరీరానికి ఆ కొలతలు వర్తించవు. శిశువు తల శరీరపు పొడవులో సుమారు నాలుగో వంతు ఉంటుంది. మెడ బలహీనంగా ఉంటుంది. తుంటి ఎముకలు పూర్తిగా గట్టిపడి ఉండవు. ఈ సమస్యకు కూడా స్వీడన్‌లోనే మార్గం దొరికింది. వైద్యుడైన బెర్టిల్ ఆల్డ్‌మన్, అమెరికా వ్యోమగాములు రాకెట్ ప్రయోగ సమయంలో వీపుపై భారం పడేటట్లు పడుకునే తీరును గమనించారు. అదే సూత్రంతో, కారు వెనుక వైపునకు ముఖం తిప్పి కూర్చోబెట్టే శిశువుల సీటును రూపొందించారు. దాని తొలి నమూనాను 1964లో వోల్వో కారులో పరీక్షించారు. ప్రమాదంలో ఆ సీటు వీపు భాగం శిశువు తలను, మెడను, వెన్నును ఏకకాలంలో మోస్తుంది.

కొంత ఎదిగిన పిల్లలకు వోల్వో 1970లలో ఎత్తు పెంచే దిండును ప్రవేశపెట్టింది. దానిపై కూర్చున్న పిల్లల ఒడి పట్టీ పొట్టపై కాక తుంటిపై, భుజం పట్టీ మెడపై కాక భుజం మధ్యన వస్తుంది. బోలిన్ పెద్దలకు గీసిన దారినే పట్టీ పిల్లల శరీరంపై కూడా అనుసరించేలా చేయడమే ఈ దిండు పని.

పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకుని పట్టుకుంటే చాలునన్న నమ్మకం నేటికీ ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో జరిగే ప్రమాదంలో 10 కిలోల బిడ్డను ఆపి ఉంచడానికి సుమారు 160 కిలోల బరువును మోసేంత బలం కావాలి. ఏ తల్లి చేతులకూ, ఏ తండ్రి చేతులకూ అది సాధ్యపడదు. తల్లి బెల్టు లేకుండా ఉంటే ఆమె శరీరమే బిడ్డను ముందు సీటుకు అదిమివేస్తుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టుకుంటే తల్లి బరువంతా బిడ్డపై పడుతుంది.

గౌరవాలు, చివరి రోజులు

బోలిన్ 1969లో వోల్వో కేంద్ర పరిశోధన, అభివృద్ధి విభాగానికి అధిపతి అయ్యారు. పక్క నుంచి జరిగే ఢీల నుంచి ప్రయాణికులను కాపాడే నిర్మాణంపై కూడా కృషి చేశారు. 1985లో పదవీ విరమణ చేశారు. అదే ఏడాది జర్మనీ పేటెంటు కార్యాలయం, అంతకు ముందు నూరేళ్లలో మానవాళికి అత్యధిక మేలు చేసిన ఎనిమిది పేటెంట్లలో ఆయన బెల్టును ఒకటిగా ఎంపిక చేసింది. ఆ జాబితాలో బెంజ్, ఎడిసన్, డీజిల్ వంటి వారి సరసన ఆయన పేరు చేరింది. 1995లో స్వీడన్ రాజ ఇంజనీరింగ్ విజ్ఞాన అకాడమీ ఆయనకు బంగారు పతకం ప్రదానం చేసింది. 1999లో అమెరికాలోని ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది.

2002 సెప్టెంబరు 21న స్వీడన్‌లో 82వ ఏట బోలిన్ కన్నుమూశారు. అదే ఏడాది అమెరికా జాతీయ ఆవిష్కర్తల హాల్ ఆఫ్ ఫేమ్ కూడా ఆయన పేరును చేర్చుకుంది. మూడు బిందువుల బెల్టు 10 లక్షలకు పైగా ప్రాణాలను కాపాడిందని దాని అర్ధ శతాబ్ది సందర్భంగా 2009లో వోల్వో అంచనా వేసింది.

భారతీయ రహదారులపై

బోలిన్ విడిచివెళ్లిన సగం పని భారతదేశంలో ఇంకా మిగిలే ఉంది. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 16,715 మంది సీటు బెల్టు ధరించనివారు. ఈ 16,715 మందిలో 8,384 మంది వాహనం నడిపినవారు కాగా, 8,331 మంది ప్రయాణికులు. మృతులలో దాదాపు సగం మంది స్టీరింగు ముందు కూర్చున్నవారు కారన్నది గమనించదగిన విషయం.

అదే ఏడాది సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ వద్ద జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించారు. వెనుక సీటులో ఉన్న ఆయన బెల్టు ధరించలేదని పోలీసులు వెల్లడించారు. వెనుక కూర్చున్నవారికి బెల్టు అవసరం లేదన్న నమ్మకంపై దేశవ్యాప్తంగా చర్చ జరిగింది. వెనుక సీటులో బెల్టు లేని ప్రయాణికుడు తనకు మాత్రమే కాక ముందున్నవారికీ ముప్పు తెస్తాడు. ఢీకొన్న క్షణంలో అతని శరీరం ముందు సీటును వెనుక నుంచి బలంగా తాకుతుంది.

చట్టం విషయంలో సందిగ్ధం లేదు. ముందు సీట్లలో ఉన్నవారితో పాటు వెనుక సీట్లలో ముందుకు ముఖం చేసి కూర్చున్నవారు కూడా బెల్టు ధరించాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళి నిర్దేశిస్తోంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 194బి సెక్షన్ ప్రకారం బెల్టు ధరించకుంటే రూ.1,000 జరిమానా. 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టుతో గాని, పిల్లల సీటుతో గాని కూర్చోబెట్టకపోయినా అంతే జరిమానా. బెల్టు పెట్టుకోలేదని హెచ్చరించే శబ్దాన్ని ఆపేందుకు కొందరు బకిల్‌లో ఖాళీ క్లిప్పు గుచ్చుతున్నారు. అటువంటి క్లిప్పుల విక్రయాన్ని నిలిపివేయాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో ఆన్‌లైన్ విక్రయ సంస్థలను ఆదేశించింది.

బెల్టు పెట్టుకున్నా, తప్పుగా పెట్టుకుంటే బోలిన్ ఎన్నుకున్న ఎముకలపై బలం పడదు. ఒడి పట్టీ పొట్టపైకి జరగకుండా తుంటి ఎముకలపై, తొడలకు ఆనుకుని ఉండాలి. భుజం పట్టీ మెడకు, భుజపు అంచుకు మధ్యగా సాగి ఛాతీ మధ్య మీదుగా దిగాలి. ఒరుసుకుంటోందని దానిని చంక కిందికి గాని, వీపు వెనుకకు గాని తోసేస్తే అది మళ్లీ లోపభూయిష్టమైన రెండు బిందువుల బెల్టుగా మారిపోతుంది. పట్టీ మెలిక పడకూడదు, వదులుగా ఉండకూడదు. సీటును బాగా వెనుకకు వాల్చి పడుకున్నవారు బెల్టు కింద నుంచి ముందుకు జారిపోతారు. గర్భిణులు ఒడి పట్టీని గర్భానికి దిగువన, తుంటిపై ఉండేటట్లు, భుజం పట్టీని గర్భానికి పక్కగా సాగేటట్లు పెట్టుకోవాలి. వెనుకకు ముఖం తిప్పిన శిశువుల సీటును పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగు ఎదుట ఎన్నడూ ఉంచరాదు. ఎయిర్‌బ్యాగు తెరుచుకునే వేగమే శిశువుకు ప్రాణాంతకం కాగలదు.

ఇందులో దేనికీ ఖర్చు లేదు, ప్రత్యేక శిక్షణ అవసరం లేదు. విమాన చోదకుల కోసం పదహారేళ్లు శ్రమించిన ఇంజనీరు సాధారణ మనిషికి తగిన రక్షణ గురించి ఆలోచించినప్పుడు అతని నుంచి ఒక్క చేతి కదలికను మాత్రమే ఆశించారు. వీధి చివరి వరకు వెళ్లే ప్రయాణంలోనైనా, వెనుక సీటులోనైనా, ఆ కదలికను బోలిన్ ప్రయాణికుడికే వదిలివెళ్లారు.